చలికాలం కట్టె కూడా రైతు సమస్యే

(సున్నిపెంటలో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో ఎప్పుడూ మాట్లాడేది నీళ్ల గురించి, గిట్టుబాటు ధర గురించి, అప్పుల గురించి. శ్రీశైలం దాకా వచ్చి నీళ్ల మాట ఎత్తకుండా పోతే మనల్ని రైతు సంఘం అని ఎవరూ అనరు. ఆ మాటలు మధ్యాహ్నం ఉన్నాయి. ఈ పూట మాత్రం చలి గురించి మాట్లాడుకుందాం. చలికాలంలో ఇల్లు, పశువుల కొట్టం, పట్టుపురుగుల షెడ్డు వెచ్చగా ఉంచుకోవడానికి మనకు నిప్పు ఎక్కడి నుంచి వస్తోంది, ఆ నిప్పు మీద హక్కు ఎవరిది అన్నదే ఈ పూట విషయం.

కొందరికి నవ్వు రావచ్చు. రాయలసీమకు చలేమిటప్పా, మనది ఎండల సీమ కదా అని. నిజమే, మనకు మంచు కురవదు. కానీ ఎండు ప్రాంతం చలి వేరుగా ఉంటుంది. ఆకాశంలో మబ్బుండదు, గాలిలో తేమ తక్కువ. పగలు నేల పట్టిన వేడి పొద్దుగూకగానే పైకి పోతుంది. మధ్యాహ్నం చొక్కా విప్పేంత ఎండ ఉన్న చోటే తెల్లవారుజామున పళ్లు టకటకా కొట్టుకుంటాయి. ఇక్కడ నల్లమల కొండ మీదైతే కార్తీకం నుంచి మాఘం దాకా రాత్రుళ్లు ఎట్లుంటాయో ఈ గూడేల వాళ్లకు చెప్పనక్కరలేదు.

ఈ చలి ఒళ్లు గట్టిగా ఉన్నవాణ్ణి ఏమీ చేయదు. ముసలివాళ్లను, బాలింతను, నెలల పిల్లను, ఉబ్బసం ఉన్నవాళ్లను బాధపెడుతుంది. పందుల నుంచి చేను కాపాడుకోవడానికి మంచె మీద పడుకున్నవాణ్ణి, రాత్రి కరెంటు కోసం మోటారు దగ్గర కూర్చున్నవాణ్ణి బాధపెడుతుంది. అంటే చలి కూడా ఉన్నవాళ్లను వదిలి లేనివాళ్ల దగ్గరికే వస్తుంది. అందుకే ఇది సంఘం మాట్లాడవలసిన విషయం అంటున్నాం.

పొయ్యి ఒకటి, పనులు అయిదు

మన ఇళ్లలో నిప్పు చేసే పనులు లెక్కపెట్టండి. ఒకటి, అన్నం వండుతుంది. రెండు, నీళ్లు కాగుతాయి. మూడు, పొయ్యి చుట్టూ ఇల్లు వెచ్చబడుతుంది. నాలుగు, తడి బట్టలు, తడి ధాన్యం ఆరతాయి. అయిదు, పొగకు దోమలు పోతాయి, నెగడుకు అడవి మృగం దగ్గరికి రాదు. 

ఇప్పుడు ప్రభుత్వాల పథకాలు చూడండి. 1999లో దీపం పథకం వచ్చింది. 2016లో ఉజ్వల వచ్చింది. 2024లో మన రాష్ట్రంలో దీపం-2 కింద ఏడాదికి 3 సిలిండర్లు ఉచితం అన్నారు. మేము వీటిని తప్పుపట్టడం లేదు. ఆడవాళ్ల కళ్లు, ఊపిరితిత్తులు పొగకు ఎంత చెడిపోయాయో మనకు తెలుసు. ఇంట్లో పొగ వల్ల 2020లో ప్రపంచమంతా కలిపి 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గ్యాసు రావాల్సిందే, ఇంకా చవకగా రావాల్సిందే.

కానీ గ్యాసు చేసేది ఆ అయిదు పనుల్లో మొదటిది. నీళ్లు కాచుకుంటే రెండోది. 14.2 కిలోల సిలిండర్ పెట్టుకుని తెల్లవార్లూ ఇల్లు వెచ్చగా ఉంచుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? మిగతా మూడు పనులకూ కట్టె కావాల్సిందే. కానీ గ్యాసు కనెక్షన్ ఇచ్చిన రోజునే కాగితం మీద కట్టె అవసరం తీరిపోయింది. ఆ తర్వాత అడవికి పోయి మోపు తెచ్చుకున్న అవ్వను చూసి, నీకు గ్యాసుంది కదా, అడవి ఎందుకు పాడుచేస్తావు అని అడుగుతున్నారు. ఆమె జవాబు మనం చెప్పాలి. గ్యాసు అన్నానికి, కట్టె చలికి.

ఇల్లు మారింది, చలి పెరిగింది

చలి పెరగడానికి ఇంకో కారణం మన ఇళ్లు. కర్నూలు, కడప జిల్లాల్లో పాతకాలం మిద్దెలు చూడండి. మూరెడు మందం మట్టిగోడలు, పైన దూలాలు, దంతెలు, వాటి మీద కంప పరిచి చౌడుమట్టి కప్పేవాళ్లు. మందం మట్టి వేడెక్కడానికి పొద్దంతా పడుతుంది, చల్లబడడానికి రాత్రంతా పడుతుంది. అందుకే మిద్దె ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుంది. ఏటేటా చౌడు పోసుకోవాలి, వానకు కారుతుంది, నిజమే. అయినా ఆ ఇంటికి చలికాలం నిప్పు అవసరం తక్కువ.

ఇప్పుడు రేకులొచ్చాయి. రేకు పగలు కాలుతుంది, రాత్రి మంచు ముక్కవుతుంది. కాలనీ ఇళ్లలో పల్చటి గోడ, పల్చటి కప్పు. సందుల్లో నుంచి గాలి దూరుతుంది. చెంచుల గుండ్రటి గుడిసె సంగతి చూడండి. బొద గడ్డి కప్పు కిందికంటా దిగి ఉంటుంది, వాకిలి చిన్నది, లోపల నిప్పు. ఆ గుడిసె కట్టినవాడికి చలి సంగతి తెలుసు. దాన్ని తీసేసి రేకుల గది కట్టించినవాడు ఒక్క జనవరి రాత్రి అందులో పడుకుని చూడాలి. పక్కా ఇల్లు వద్దని మేము అనడం లేదు. ఇంటికి కప్పు ఏది వేయాలన్నది అందులో ఉండేవాళ్లను అడిగి నిర్ణయించమంటున్నాం. రేకుల ఇల్లున్నవాళ్లు ఈ ఏడు కనీసం ఒక పని చేయవచ్చు. రేకు కింద జానెడు దిగువన వెదురు తడికె గానీ, బొద తడికె గానీ కట్టుకోండి. మధ్యలో నిలిచిన గాలి వేడిని పట్టి ఉంచుతుంది. పొయ్యి నిప్పురవ్వ తడికెకు అందకుండా మాత్రం చూసుకోవాలి.

కట్టె ఎట్లా దూరమైంది

ఒకప్పుడు వంటచెరకు చేనులోనే ఉండేది. కందికట్టె, ఆముదం కట్టె, పత్తికట్టె, పిడకలు. అన్నీ మన సేద్యం ఇచ్చినవే. ఎద్దులు పోయి ట్రాక్టర్ వచ్చింది, పేడ తగ్గింది, పిడకలు భోగి పండక్కి పిల్లల చేతిలో దండలుగా మిగిలాయి. కంది కోతకు మిషన్ వచ్చిన చోట కట్టె ముక్కలై చేలోనే పోతోంది. వేరుశనగ పొట్టు మిల్లుల నుంచి బాయిలర్లకు, ఇటుక బట్టీలకు పోతోంది. అంటే మన పంటతో పాటు మన వేడి కూడా లారీ ఎక్కుతోంది.

ఇక కంపచెట్టు. పుస్తకాల్లో సర్కారు తుమ్మ అంటారు. పేరులోనే సర్కారు ఉంది, ఎందుకో తెలుసా? తెల్లదొరల కాలంలో మద్రాసు రాష్ట్ర అటవీ అధికారి బెడోమ్ ఎండు ప్రాంతాల్లో వేయడానికి ఈ విత్తనం కావాలని 1876లో రాశాడు. 1877లో జమైకా నుంచి విత్తనం వచ్చింది. దాన్ని చల్లింది మరెక్కడో కాదు, మన కడప జిల్లా కమలాపురంలో. కరువు నేలలో కట్టె కోసం తెచ్చిన చెట్టు అది. చెరువుల్లో పాకి, బీళ్లలో పాకి, సేద్యానికి శత్రువైందన్న మాట నిజమే. ముల్లు గుచ్చుకోని కాలు మన సీమలో లేదు. కానీ కట్టెగా చూస్తే దానికి సాటి తక్కువ. గట్టిగా, నిదానంగా కాలుతుంది, మంచి బొగ్గు ఇస్తుంది, నరికితే మళ్లీ చిగురుస్తుంది.

మరి ఆ కట్టె ఎవరికి పోతోంది? చెరువు కంప చాలాచోట్ల వేలానికి పోతుంది. పాడుకున్నవాడు మొత్తం కొట్టి బొగ్గుబట్టీ పెట్టుకుంటాడు. బస్తాలు పట్నాలకు పోతాయి. ఊళ్లో ముసలమ్మ అదే కంప పుల్ల ఏరుకుంటే దొంగ అవుతుంది. మేము అడిగేది పెద్దదేమీ కాదు. వేలం వేసే ముందు ఊరి చలికాలపు వాటా పక్కన పెట్టండి. భూమిలేని కుటుంబాలకు, ఒంటరి ఆడవాళ్లకు ముందు ఇవ్వండి. మిగిలింది వేలం వేయండి, ఆ డబ్బు చెరువుకే పెట్టండి. కంప కొట్టిన చోట వేళ్లు పెకలించకపోతే రెండేళ్లలో చెరువు మళ్లీ కంపడివి అవుతుంది. కాబట్టి వేళ్లతో తీయించండి. ఆ మొద్దులు కూడా మంచి కట్టే.

నల్లమల పక్కన ఉండి

ఇప్పుడు ఈ కొండ సంగతి. మనం కూర్చున్న సున్నిపెంట ప్రాజెక్టు కోసం పుట్టిన ఊరు. శ్రీశైలం కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున 900 మెగావాట్లు, రెండూ కలిపి 1,670 మెగావాట్ల కరెంటు తీయగల కేంద్రాలు మన కళ్ల ముందున్నాయి. ఈ నీళ్ల కింద ఊళ్లున్నాయి. 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా గ్రామాలు ఖాళీ అయ్యాయి, లక్ష మంది దాకా ఇల్లూ పొలం వదిలారు. పరిహారం లెక్కలో భూమి వచ్చింది, ఇల్లు వచ్చింది. వంకగట్టు తుమ్మ, ఊరుమ్మడి బీడు, ఏటి ఒడ్డున కొట్టుకొచ్చిన కట్టె ఎవరి పట్టాలోనూ ఉండవు. వాటికి లెక్క కట్టినవాడు లేడు. కొత్త ఊళ్లకు చేరినవాళ్లు మొదటి చలికాలం నుంచే కట్టె కొనుక్కోవాల్సి వచ్చింది. వేడి ఇచ్చే కరెంటు తీసుకుని, వెచ్చదనం లేని బతుకు మిగిల్చారు.

ఇటు అడవి 1983 నుంచి పులుల ప్రాజెక్టు కింద ఉంది. పులి ఉండాలి, అడవి ఉండాలి. అడవి పోతే మన వానలు, మన వంకలు కూడా పోతాయి. కానీ పులిని కాపాడడమంటే చెంచును చలికి వదిలేయడం కాదు.

చట్టం ఏమంటుందో వినండి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులు అంటే ఏమిటో చెప్పింది. వెదురు, తేనె, మైనం, దుంపలతో పాటు చిట్టడవి కంపలు, మొద్దులు కూడా అందులో రాసి ఉన్నాయి. సంప్రదాయంగా ఏరుకుంటున్న వాటిని ఏరుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు అడవి బిడ్డలదే అని మూడో సెక్షన్ చెబుతుంది. ఈ చట్టంలో అటవీ భూమి అంటే అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా. పులుల అడవిలో ఈ చట్టం లేదు అని ఎవరైనా అంటే నమ్మొద్దు. గిరిజనులైతే 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అక్కడ ఉంటే చాలు. గిరిజనేతరులైతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. హక్కుల దరఖాస్తు మొదలయ్యేది గ్రామసభలో. ఇంటింటికీ పట్టా అడగడం ఒకటి, ఊరంతటికీ కలిపి సామూహిక హక్కు అడగడం ఒకటి. కట్టె, తేనె, గడ్డి వచ్చేది రెండో దానిలో. మన మండలాల్లో జనం పోడు పట్టాల కోసం తిరిగినంతగా సామూహిక హక్కు కోసం తిరగలేదు. ఈ ఏడు అది చేయాలి. 

ఇక్కడ మన రైతులకు కూడా ఒక మాట గట్టిగా చెప్పాలి. చెంచు అవ్వ నెత్తి మీద మోపుకు, మన ట్రాక్టర్ ట్రాలీకి తేడా ఉంది. ఆమె ఎండుపుల్ల ఏరుతుంది, ఆ మోపు అయిపోయాక మళ్లీ వస్తుంది. ట్రాలీ పోయిన చోట పచ్చి చెట్టు పడుతుంది. అడవి కింది ఊళ్లలో భూమి ఉన్నవాళ్లం చెంచుల పేరు చెప్పి అడవి కొట్టుకోకూడదు. మన కట్టె మన గట్ల మీద పండించుకోవాలి. కానుగ, వేప, గ్లైరిసీడియా గట్ల మీద పెడితే ఆకు పచ్చిరొట్టకు, కొమ్మ పొయ్యికి వస్తుంది. ఉపాధి పనుల్లో గట్లకు, బంజర్లకు ఇవే మొక్కలు ఇవ్వాలని మనం అడగాలి.

షెడ్డుకు వేడి

ఇంటికే కాదు, పనికి కూడా వేడి కావాలి. పట్టుపురుగులు పెంచేవాళ్లు ఇక్కడ ఉన్నారు. మొదటి, రెండో జ్వరం దాకా పురుగుకు 26 నుంచి 28 డిగ్రీల వేడి కావాలి. పెద్ద పురుగుకు 24, 25 చాలు. 20 కిందికి దిగితే పురుగు మేత తగ్గిస్తుంది, గూడు కట్టడం రోజుల తరబడి వెనక్కి పోతుంది. అన్ని రోజులు అదనంగా ఆకు, అదనంగా కూలి. చలితో పాటు తేమ చేరితే రోగం. కోడిపిల్లలైతే మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ అడుగుతాయి, తర్వాత వారానికి 5 డిగ్రీలు తగ్గించుకుంటూ పోవచ్చు. థర్మామీటర్ లేకపోతే పిల్లలనే చూడండి. అన్నీ బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి ఎక్కువైంది. గోడలకు చేరి నోరు తెరిస్తే వేడి ఎక్కువైంది. పరుచుకుని తిరుగుతుంటే సరిపోయింది.

కరెంటు హీటరు బిల్లు భరించలేక చాలామంది షెడ్డులో బొగ్గుల కుంపటి పెడుతున్నారు. ఇళ్లలో కూడా తలుపులు బిగించి కుంపటి దగ్గర పడుకుంటున్నారు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే పని. బొగ్గు పొగ రాదు కాబట్టి మంచిదనుకుంటాం. దాని నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. మన రక్తం ప్రాణవాయువును పట్టుకునే దానికంటే 200 రెట్లకు మించిన పట్టుతో దాన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి, మత్తు వస్తాయి. నిద్రలో ఉన్నవాడు లేవడు. కాబట్టి కుంపటి బయట రాజేసి, ఇల్లు వెచ్చబడినంతసేపు ఉంచి, పడుకునే ముందు బయట పెట్టండి. ఎదురెదురుగా రెండు సందులు తెరిచి ఉంచండి. షెడ్డులో ఎవరికైనా తల తిరిగితే ముందు గాలిలోకి తీసుకుపోండి, తర్వాత ఆస్పత్రికి.

షెడ్డుకు ఇంతకంటే మంచి దారి మన పొరుగునే ఉంది. నల్లమలకు అవతల ప్రకాశం జిల్లాలో పొగాకు బ్యారన్లు చూసే ఉంటారు. పొయ్యి నోరు బయట ఉంటుంది. వేడి రేకు గొట్టాల్లో లోపల తిరిగి, పొగ గొట్టం గుండా పైకి పోతుంది. లోపల వేడి ఉంటుంది, పొగ ఉండదు. చిన్న షెడ్డుకు ఇదే పద్ధతిని చిన్నగా చేసుకోవచ్చు. ఊరి వెల్డింగ్ షాపులో గొట్టం చేయించుకుంటే సరిపోతుంది. అతుకుల దగ్గర పొగ లీకు కాకుండా మట్టి మెత్తించుకోవాలి. గొట్టానికి ఎండాకు, చంద్రికలు తగలకుండా దూరం పెట్టుకోవాలి. షెడ్డుకు ఇచ్చే సబ్సిడీలో ఈ పొయ్యి, గొట్టం కూడా చేర్చమని మనం అడగాలి.

పత్తికట్టె కాల్చే ముందు

ఆదోని, ఎమ్మిగనూరు వైపు పత్తి రైతులకు ఒక మాట. పత్తి అయిపోయాక ఎకరానికి టన్ను దాకా కట్టె మిగులుతుంది. దాన్ని చేలోనే కుప్పేసి నిప్పు పెడుతున్నాం. చలికాలం చివర మన వేడినంతా ఆకాశానికి ఇస్తున్నాం. ఎందుకు కాలుస్తావన్నా అంటే గులాబీ రంగు పురుగు అంటారు. నిజమే, ఆ పురుగు మిగిలిన గుడ్డికాయల్లో, గింజల్లో దాక్కుని వచ్చే పంట దాకా నిద్రపోతుంది. అందుకే కట్టెను కాయలతో సహా ఇంటి ముందు వామిగా వేయొద్దంటారు. దీనికి ఉపాయం ఉంది. పెరికిన వెంటనే మేకలను, గొర్రెలను తోలండి, ఆకు, పచ్చికాయ అవే మేస్తాయి. మిగిలిన గుడ్డికాయలు దులిపి వాటిని మాత్రం కాల్చండి. కాయ లేని కట్టెను కట్టలు కట్టి ఇంటికి తేండి. తొలకరి లోపల వాడేయండి. 

తెచ్చిన కట్టె ఏదైనా ఎండబెట్టే వాడండి. పచ్చికట్టె తన వేడిలో చాలా భాగం తనలో నీళ్లు ఆవిరి చేయడానికే ఖర్చు పెడుతుంది. మిగిలేది పొగ. వానాకాలం రాకముందే చీల్చి, చూరు కింద పేర్చుకుంటే అదే మోపు ఎక్కువ రోజులు వస్తుంది. ఆడవాళ్ల నడక అంత తగ్గుతుంది.

మోటారు దగ్గర మంట

చివరగా రాత్రి కరెంటు. 2004 నుంచి సేద్యానికి ఉచిత కరెంటు ఉంది. పగటిపూట 9 గంటలు ఇస్తామని ప్రభుత్వాలు మాటిచ్చాయి. కానీ ఏ ఫీడర్‌లో రాత్రి కరెంటు వచ్చినా అక్కడ రైతు పుష్యమాసం రాత్రి మడవ తిప్పడానికి నీళ్లలో దిగుతాడు. తడి కాళ్లతో వచ్చి కంపపుల్లల మంట దగ్గర కూర్చుంటాడు. తడి చేతులతో స్టార్టర్ ముడతాడు. పాము, షాకు, చలి మూడూ అక్కడే ఉంటాయి. చలికాలం నాలుగు నెలలు సేద్యం కరెంటు మొత్తం పగలే ఇవ్వాలి. దీనికి కొత్త డ్యామ్ అక్కరలేదు, వేళలు మారిస్తే చాలు.

మన తీర్మానాలు

ఒకటి. చెంచు గూడేల సామూహిక అటవీ హక్కుల దరఖాస్తులను శ్రీశైలం ఐటీడీఏ ముందుండి నింపించాలి. ఎండుకట్టె మోపును అడ్డుకోకూడదు.

రెండు. చెరువు కంప వేలంలో ఊరి వాటా పక్కన పెట్టాలి.

మూడు. కాలనీ ఇళ్లకు కప్పు, పొగగొట్టం ఉండేవాళ్లను అడిగి నిర్ణయించాలి.

నాలుగు. పట్టు షెడ్లకు బయటి పొయ్యి, గొట్టం సబ్సిడీలో చేర్చాలి.

అయిదు. చలికాలంలో సేద్యానికి పగటి కరెంటే ఇవ్వాలి.

ఇవి ప్రభుత్వాన్ని అడిగేవి. మనం చేయవలసింది ఒకటుంది. ఇక్కడి నుంచి పోయాక ప్రతి ఊరి శాఖ ఒక లెక్క తీయాలి. ఊళ్లో ఎన్ని ఇళ్లు చలికాలం కట్టె మీద ఆధారపడ్డాయి, నెలకు ఎన్ని మోపులు, ఎక్కడి నుంచి, ఎంత దూరం నడిచి. ఆ లెక్క ఆడవాళ్లే చెప్పాలి, మగవాళ్లకు తెలియదు. వచ్చే గ్రామసభలో ఆ కాగితం చదివి మినిట్స్ పుస్తకంలో రాయించండి. గ్యాసు కనెక్షన్ల లెక్క ప్రభుత్వం దగ్గర ఉంది. మోపుల లెక్క ఎవరి దగ్గరా లేదు. అది మన చేతిలో ఉంటేనే మన మాట నిలబడుతుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. పోయాక మనమూ మరిచిపోతాం. ఈసారి మరిచిపోవద్దు. లెక్క ఉగాది లోపల సంఘం ఆఫీసుకు చేరాలి. వచ్చే కార్తీకానికి అందులో ఒక్క తీర్మానమైనా అమలై ఉండాలి.